ఈటె మొన కొనేటప్పుడు ఉక్కు కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. అడవిలో నాలుగైదు రోజులు గడిపేటప్పుడు సంచిలో వేసుకెళ్ళి, అక్కడే దొరికిన కర్రకు బిగించుకునే ఈటె మొన ఒకటి కొనాలనుకుంటున్నారు. ఆకు ఆకారపుదా, ముళ్ళున్నదా, త్రిశూలంలా మూడు కోరలదా తేల్చుకోలేకపోతున్నారు. అసలు మొన ఎందుకు, నడుముకున్న కత్తినే కర్రకు కట్టేసుకుంటే చాలదా అని కూడా అడిగారు. ఈ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

కత్తిని కర్రకు కట్టకండి. అడవిలో మిగతా పనిముట్లన్నీ ఆ కత్తితోనే పుడతాయి. నిప్పుకు పుల్లలు చెక్కాలన్నా, గుడారానికి మేకులు చేసుకోవాలన్నా, చేప కడుపు కోయాలన్నా అదే కావాలి. దాన్ని రాళ్ళున్న వాగులో పోటుకు వాడితే కొస విరుగుతుంది, లేదా కట్టు వదిలి నీళ్ళ పాలవుతుంది. కట్టు వదలడం కట్టినవాళ్ళ చేతకానితనం కాదు. పోటు దెబ్బ కొస నుంచి వెనక్కి, కర్ర పొడవునా వస్తుంది. నున్నటి పిడి చుట్టూ అడ్డంగా చుట్టిన తాడు ఆ దిశలో పట్టు ఇవ్వదు. పిడి వెనక ఆనుకోవడానికి కర్రలో మెట్టు కోస్తే కొంత నయం. అయినా గుచ్చుకున్నది గింజుకుంటే పక్కకు వచ్చే బలానికి ఆ కట్టు ఆగదు.

అదే కత్తితో అరగంటలో ఒక కర్రను మొన తేలేలా చెక్కుకోవచ్చు, కత్తి మీ నడుమునే ఉంటుంది. కర్ర ఈటెను చిన్నచూపు చూడకండి. ఇంగ్లండ్‌లోని క్లాక్టన్‌లో 1911లో బయటపడిన యూ చెట్టు ఈటె కొస సుమారు 4,00,000 ఏళ్ళ నాటిది. జర్మనీలోని షోనింగెన్ బొగ్గు గనిలో 1990లలో దొరికిన ఈటెలు రెండు మూడు లక్షల ఏళ్ళ నాటివి, ఎక్కువగా స్ప్రూస్ కర్రతో చేసినవి, పొడవు సుమారు 2 మీటర్లు. వాటిని చెక్కిన తీరులో ఇవాళ మనకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. ఒకటి, కొసను చెట్టు మొదలు వైపు తీశారు, కర్ర గట్టిగా ఉండేది అక్కడే. రెండోది, కొస సరిగ్గా కర్ర నడిమధ్యన రాకుండా కాస్త పక్కకు వచ్చేలా చెక్కారు. చెట్టు నడుమ ఉండే దూట మెత్తన. కొస దాని మీద పడితే మొదటి దెబ్బకే నలిగిపోతుంది. మీరు చెక్కేటప్పుడూ మొదలు వైపే తీయండి, దూట కొసలోకి రాకుండా ఒక పక్కకు వదిలేయండి.

నిప్పులో కాల్చితే కొస గట్టిపడుతుందని అందరూ చెబుతారు. 2016లో బయాలజీ లెటర్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో హేజెల్ కర్రను కాల్చి పరీక్షించారు. పైభాగం కొద్దిగా గట్టిపడింది గానీ కర్ర బలం బాగా తగ్గి పెళుసైంది. అందుకే నేను చెప్పేది ఇంతే: పచ్చి కర్రలో తేమ పోగొట్టడానికి, చెక్కే పని తేలిక చేసుకోవడానికి వేడి చూపించండి. నల్లబడి బొగ్గయ్యేదాకా ఉంచకండి.

మరి ఉక్కు మొన ఎందుకు? అడవిలో ఈటెకు నిజంగా పడే పనులు తక్కువ. లోతు లేని నీళ్ళలో చేప పట్టడం, చెయ్యి పెట్టకూడని పొదనో బొరియనో దూరం నుంచి కదిలించి చూడటం, నడకలో ఊతకర్రగా ఉండటం, అరుదుగా మీదికొచ్చే జంతువుకూ మీకూ మధ్య కాస్త ఎడం నిలపడం. వీటిలో చేప పనికి కోరల మొన కావాలి. మిగతావాటికి చెక్కిన కర్ర ఈటె దాదాపు సరిపోతుంది, ఆకు మొన ఉంటే మరీ మంచిది. మొదటి మొనగా మీకు ఏది కొనమని సలహా ఇవ్వాలంటే, దగ్గర్లో వాగో చెరువో ఉండి, అక్కడ ఈటెతో చేపలు పట్టడానికి అనుమతి ఉంటే కోరలదే. లేకపోతే చిన్న ఆకు మొన. రెండు పనులూ చేస్తాయని అమ్మే రంపపు పళ్ళు, కొక్కేలు, వంకర ముళ్ళు కలగలిపిన మొనలు ఏ పనీ సరిగా చెయ్యవు. వాటిని వదిలేయండి.

వెనక్కి తిరిగిన ముళ్ళు చేప మొనకే ఉండాలి. ఆకు మొనకు ముళ్ళుంటే గుచ్చుకున్నచోట ఇరుక్కుపోతుంది, లాగే ప్రయత్నంలో కర్ర విరుగుతుంది. ఆకు మొన రెండు వైపులా సమానంగా ఉండి, నడుమ ఈనె లాగా ఎత్తు ఉన్నది చూసుకోండి. ఆ ఎత్తు వల్లే పలుచటి లోహం కూడా వంగకుండా నిలుస్తుంది. అలుగు, అంటే మొనలో పదునుండే ముందు భాగం, పొడవు 12 నుంచి 18 సెంటీమీటర్లు, వెడల్పు 3 నుంచి 4 సెంటీమీటర్లు చాలు. బరువు పావుకిలో దాటితే కర్ర ముందుకు వాలి చెయ్యి త్వరగా అలసిపోతుంది. మూరెడు పొడవుండే అలంకారపు మొనలు గోడకు బాగుంటాయి, అడవికి కాదు.

గొట్టం పిడి కత్తులు మరో రకం. పిడి బోలుగా ఉంటుంది, అందులోకి కర్ర దూర్చి ఈటెగా మార్చుకోవచ్చు. కోల్డ్ స్టీల్ అనే కత్తుల కంపెనీ వాళ్ళ బుష్‌మన్ ఈ రకంలో పేరున్నది. అలుగూ పిడీ ఒకే ఉక్కు రేకు నుంచి చేస్తారు కాబట్టి రెండింటి మధ్య అతుకు ఉండదు, అది మంచి గుణం. అయితే కత్తి ఆకారం ఒకవైపు పదునుది కాబట్టి పోటు బలం కర్ర పొడవునా తిన్నగా వెళ్ళదు. బోలు ఉక్కు పిడి పట్టుకుని చాలాసేపు చెక్కడం చేతికి కష్టం. ఇది మీ రెండో కత్తి అయితే సరే. ఉన్న ఒక్క కత్తీ ఇదే అయితే పైన చెప్పిన అభ్యంతరమే దీనికీ వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కొనేవాళ్ళు ఏ ఉక్కు, ఎంత పదును అని అడుగుతారు. ఈటె పాడయ్యేది దాదాపు ఎప్పుడూ మొన, కర్ర కలిసేచోటే. మీ శ్రద్ధలో ముప్పాతిక అక్కడ పెట్టండి.

మొన వెనక భాగం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సాకెట్, అంటే కర్ర దూరే గొట్టం. రెండోది తోక, అంటే కర్రలోకి దిగే సన్నటి చువ్వ. తోక రకానికి కర్రకు బెజ్జం వేయాలి, చీలకుండా బయట ఇనుప పొన్ను తొడగాలి. ఇంటి దగ్గర తీరిగ్గా చేసుకుంటే అది చాలా గట్టిది. అడవిలో దొరికిన కర్రకు బిగించుకోవాలంటే మాత్రం సాకెట్ రకమే తీసుకోండి. నోటి దగ్గర లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, లోతు కనీసం 8 సెంటీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. లోపలికి పోయేకొద్దీ సన్నబడాలి. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన గొట్టం ఎంత బిగించినా ఊగుతుంది.

కొలిమిలో రేకు చుట్టి చేసిన సాకెట్‌కు ఒక పక్క సన్నటి చీలిక కనిపిస్తే అది లోపం కాదు. అలుగూ గొట్టమూ కలిసే మెడ దగ్గర చూడండి. అక్కడ బీటలున్నా, రెండు ముక్కలు తెచ్చి చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేసి అతికినట్టున్నా ఆ మొన వద్దు. ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. సాకెట్‌లో తిన్నని గుండ్రటి కర్ర ముక్క బిగించి, మొన అంచు దాటి గాలిలో ఉండేలా దాన్ని బల్ల మీద దొర్లించండి. మొన కొస ఒకచోటే తిరుగుతుంటే మొన సూటిగా ఉంది. కొస పెద్ద సున్నా చుడుతుంటే మెడ వంకర ఉన్నట్టు. అలాంటిది ప్రతి పోటుకూ కర్రను పక్కకు వంచుతుంది.

ఉక్కు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1055, 1060, 1075 లాంటి నంబర్లతో అమ్మే కార్బన్ ఉక్కులు, 5160 అనే స్ప్రింగ్ ఉక్కు, ఏదైనా బాగానే ఉంటుంది. కత్తికి కావలసినంత కాఠిన్యం ఈటెకు అక్కర్లేదు. కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలమానంలో 50 నుంచి 54 ఉంటే రాయికి తగిలినా కొస విరగకుండా కాస్త వంగి ఊరుకుంటుంది. మంచి ఆకురాయితో ఒకసారి రుద్ది చూడండి. ఆకురాయి పట్టకుండా జారిపోతే ఈటెకు అది మరీ పెళుసు. ఏ అడ్డూ లేకుండా తినేస్తుంటే మరీ మెత్తన. కొద్దిగా ప్రతిఘటించి కొరికితే సరైనది, పైగా అలాంటిదాన్ని అడవిలోనే ఆకురాయితో సరిచేసుకోవచ్చు. ఉప్పునీటి దగ్గర వాడే కోరల మొనకు మాత్రం స్టెయిన్‌లెస్ మేలు.

కర్ర ఎంపికలో తొందర పనికిరాదు. నిలబడి ఎండిన సన్నటి చెట్టు దొరికితే అంతకంటే మంచిది లేదు. నేల మీద పడి ఎండినదాంట్లో లోపల పుచ్చు ఉండొచ్చు. కర్రను నేలకు ఆనించి మీ బరువు కొంత మోపి వంచండి. చిటపట చప్పుడు వచ్చినా, ఒకేచోట మడిచినట్టు వంగినా వదిలేయండి. పచ్చి కర్ర తప్పకపోతే వాడుకోవచ్చు గానీ ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది. ఇవాళ బిగుతుగా ఉన్న మొన ఎల్లుండికి వదులవుతుంది, కాబట్టి రోజూ ఉదయం చూసుకోవాలి. వెదురైతే సాకెట్‌లోకి వెళ్ళే చివర దగ్గర కణుపు ఉండేలా కోసి, బోలులోకి గట్టి కర్ర బిరడా దిగ్గొట్టండి. పొడవు మీ ఎత్తుకు జానెడు ఎక్కువ చాలు. దట్టమైన పొదల్లో అయితే మీ ఎత్తే ఎక్కువ. మొన మొదలు వైపుకే బిగించండి. ఈటె విరిగితే సాకెట్ నోటి దగ్గరే విరుగుతుంది కాబట్టి లావు అక్కడే కావాలి.

సాకెట్‌కు తగ్గట్టు కర్ర చివరను శంకువులా చెక్కుతూ మధ్యమధ్యలో దూర్చి చూడండి. సాకెట్ లోపల మసి పూసి కర్రను దూర్చి ఒక చుట్టు తిప్పి తీస్తే, ఎత్తుగా ఉన్నచోట నల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలనే గీకి మళ్ళీ దూర్చండి. మసి చుట్టూ సమానంగా అంటుకునేదాకా ఇదే పని. ఇక్కడ రెండు విషయాల్లో జాగ్రత్త. కర్ర కొస సాకెట్ అడుగుకు తగలకూడదు, రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తగిలితే గోడలు పట్టుకోకముందే ఆగిపోతుంది, అప్పుడది బిగిసినట్టు కనిపిస్తుంది తప్ప బిగియదు. సాకెట్ నోరు ఆనేచోట కర్రలో మెట్టు కోయకూడదు. పైకి అందంగా కలిసిపోతుందని చాలామంది మెట్టు కోస్తారు, కర్ర సరిగ్గా ఆ గీత దగ్గరే తెగుతుంది. వాలు సాఫీగా రావాలి.

బిగించడానికి మొనను నేలకేసి కొట్టవద్దు. మొన కిందికి వేలాడేలా ఈటెను ఒక చేత్తో గాలిలో పట్టుకుని, కర్ర వెనక చివర మీద చెక్క సుత్తితో కొట్టండి. గొడ్డలికి పిడి ఎక్కించినట్టే, ప్రతి దెబ్బకూ మొన తన బరువుతోనే కర్ర మీదికి పాకుతుంది. ఆ తర్వాత సాకెట్‌కున్న బెజ్జంలోంచి ఒక్క చిన్న మర మేకు చాలు. ఆ పక్క నుంచి ఈ పక్కకు లావు చీల దిగ్గొడితే బలహీనమయ్యేది కర్రే. పట్టు ఇచ్చేది చెక్కడం, మేకు ఉన్నది ఊడకుండా చూడటానికే.

సాకెట్ లేని కాలంలోనూ ఈ శ్రద్ధే కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో సుమారు 13,000 ఏళ్ళ నాటి క్లోవిస్ రాతి మొనలు చూడండి. అడుగున రెండు వైపులా గాడి తీసి పల్చన చేశారు, కట్టు పడేచోట పక్క అంచులను అరగదీసి మొద్దుగా మార్చారు. పదునుగా వదిలేస్తే ఆ అంచే కట్టును కోసేస్తుంది. మీరు రాతి పెచ్చుతోనో గాజు పెంకుతోనో మొన చేయాలనుకున్నా ఇదే చెయ్యండి. అడుగు అంచులు రాయి మీద నూరి, చీల్చిన కర్రలో దించి, గుగ్గిలం లాంటి, వేడికి కరిగే చెట్టు బంకను కరిగించి మెత్తటి బొగ్గుపొడి కలిపి పూసి, పైన నార చుట్టండి. బొగ్గుపొడి లేకుండా ఒట్టి బంక ఆరాక పెళుసై రాలిపోతుంది.

వాడకానికొస్తే, ముందు విసరడం మానుకోండి. 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో షోనింగెన్ ఈటెల నమూనాలతో 20 మీటర్ల దూరంలోని గురిని కొట్టగలిగారు. అయితే విసిరినవాళ్ళు జావెలిన్ క్రీడాకారులు. అలవాటు లేనివాళ్ళు విసిరితే మొన రాయికి తగిలి పాడవుతుంది, చేతిలో ఉన్న ఒక్క ఈటే దూరంగా పడుతుంది. రెండు చేతులతో పొడవడం నేర్చుకోండి. ముందు చెయ్యి దారి చూపాలి, వెనక చెయ్యి తొయ్యాలి. వెళ్ళిన గీతలోనే వెనక్కి రావాలి. లోపల ఉండగా తిప్పడం, గడ్డపారలా ఎత్తడం చేస్తే మెడ దగ్గర విరుగుతుంది. ఎండుగడ్డి కూరిన గోనెసంచి మీద సాధన చేసి, ప్రతి పది పోట్లకూ మొన కదులుతోందేమో చూడండి.

చేప దగ్గర చాలామంది తప్పిపోయేది గురిలో. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. నిట్టనిలువుగా చూసినా చేప అసలు లోతులో ముప్పాతికలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. 40 సెంటీమీటర్ల లోతున ఉన్నది 30లో తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలినట్టుంటుంది. కనిపించిన చోటికి కాకుండా దానికి కిందుగా పొడవాలన్నది అందుకే. అయితే ఎంత కిందికి అనే లెక్క ఆ క్షణంలో చేయలేం. దానికి మంచి ఉపాయం ఉంది. కోరలను ముందే నెమ్మదిగా నీళ్ళలో దించి, చేపకు జానెడు దూరం దాకా తీసుకెళ్ళండి. అప్పుడు కోరలూ చేపా ఒకే నీటి గుండా కనిపిస్తాయి కాబట్టి రెండింటికీ దాదాపు ఒకే తేడా పడుతుంది. నీటి పైభాగంలో కర్ర విరిగినట్టు కనిపించడాన్ని పట్టించుకోకుండా కొసనే చూస్తూ పొడవండి. మీ నీడ నీళ్ళ మీద పడకుండా నిలబడండి, మోకాలి లోతు దాటకండి. గుచ్చుకోగానే పైకి ఎత్తకండి, కింద నేలకు అదిమిపట్టి, రెండో చేతిని చేప కిందికి పోనిచ్చి అప్పుడు లేపండి. తప్పించుకునే చేపల్లో ఎక్కువ పోయేది ఎత్తేటప్పుడే.

కోరల మొన దగ్గర లేకపోతే బొటనవేలంత కర్రను లేదా వెదురును చివర నుంచి జానెడు లోతు నాలుగుగా చీల్చి, చీలిక ఆగేచోట ముందే నార బిగించి, రెండు పుల్లలు అడ్డంగా దూర్చి విడదీసి, నాలుగు కొసలూ చెక్కుకోవచ్చు. చిన్న చేపలకు కోరల మధ్య వేలెడు ఎడం చాలు, అంతకు మించితే సందులోంచి జారిపోతాయి.

జంతువుల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. ఈటె చేతిలో ఉందని అడవిపందినో ఎలుగునో ఎదుర్కొనే ఆలోచన పెట్టుకోకండి. పాతకాలంలో పంది వేటకు వాడిన ఈటెలకు అలుగు వెనక అడ్డకమ్మీ ఉండేది, ఎందుకంటే గుచ్చుకున్న పంది ఆగకుండా కర్ర వెంబడే వేటగాడి మీదికి వచ్చేది. మీరు కొనే మొనకు ఆ అడ్డం ఉండదు. ఉన్నా అది సాధన చేసినవాళ్ళ పని. మొనను జంతువు వైపు నిలిపి, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి తగ్గడం వరకే ఈటె పని. ఈటెతో వేట కొన్ని దేశాల్లో నేరం. మంచినీటిలో ఈటెతో చేపలు పట్టడం మీదా ఎన్నోచోట్ల ఆంక్షలున్నాయి. బయలుదేరే ముందు అక్కడి అటవీ శాఖనో మత్స్య శాఖనో అడిగి తెలుసుకోండి.

నడిచేటప్పుడు మొనకు ఒర తప్పనిసరి. తోలుదైనా, గట్టి ప్లాస్టిక్‌దైనా కొసను పూర్తిగా కప్పాలి. వాలులో కాలు జారితే మొదట చేయాల్సింది ఈటెను దూరంగా పారేయడం. పట్టుకుని పడితే ఒర ఉన్నా గాయం ఖాయం. పక్కన మనుషులుంటే మొన ఎటు ఉందో ఎప్పుడూ మీకు తెలిసి ఉండాలి. విడిది దగ్గర చెట్టుకు ఆనించి నిలబెట్టవద్దు, చీకట్లో అది ఎవరి ముఖం ఎత్తులో ఉంటుందో ఊహించుకోండి. ఒర తొడిగి, దారికి అడ్డం లేని చోట నేల మీద పడుకోబెట్టండి.

పని అయ్యాక చేప జిగురు, మట్టి కడిగి ఆరబెట్టి, వంటనూనె అయినా సరే పలుచగా రాయండి. అలుగు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, ఆకురాయితో పోతుంది. సాకెట్ లోపలిది కనిపించదు. తడిసిన కర్ర తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, లోపలి నుంచే గోడ పల్చనవుతుంది. అందుకే ఇంటికి వచ్చాక మర మేకు తీసి, కర్ర ఊడదీసి, గొట్టం లోపల గుడ్డతో తుడిచి తేనెమైనం పూసి, కర్ర తగిలించకుండా విడిగా దాచుకోండి.